నొప్పి తెలిసిన రెండు వేళ్ళు

రాజబాబు వేలు తెగిన సంగతి రాజబాబు కంటే ముందు టోప్నో చూశాడు.

వానలు కాస్త తెరిపి ఇచ్చిన నవంబరు నెల. శనివారం మధ్యాహ్నం. అండమాన్ దీవుల్లో, రంగత్ బజారుకు రెండు మైళ్ళ అవతల, వాగు దాటాక ఉన్న రాంచీ వాళ్ళ కాలనీలో, టోప్నో ఇంటి వెనక దిబ్బ మీద అరటి బోదె నిలబెట్టి ఇద్దరూ బాణాలు వేస్తున్నారు. ఆరేళ్ళుగా ప్రతి శనివారం ఇదే వరస. రాజబాబు అయిదో బాణం వదిలి, అది బోదెలో దిగిన చోటు చూసుకుని తృప్తిగా వెనక్కి తిరిగాడు. టోప్నో బోదె వైపు చూడటం లేదు. వింటినారి వైపు చూస్తున్నాడు.

"నారి మీద నెత్తురు," అన్నాడు.

రాజబాబు కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. ఉంగరపు వేలు మొదటి కణుపు దగ్గర చర్మం చీరుకుపోయి, నెత్తురు అరచేతిలోకి జారి, మణికట్టు దాకా వచ్చి ఆగింది. ఎన్నో బాణం దగ్గర తెగిందో తెలియదు. వేలు మంట పుట్టలేదు. ఆ చెయ్యి తనది కానట్టు, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు అనిపించింది.

"పొద్దున ఉలి తగిలింది దాదా. అది మళ్ళీ చిట్లినట్టుంది," అన్నాడు.

అది అబద్ధమని చెప్పిన మరుక్షణమే అతనికి తెలుసు. టోప్నోకి కూడా తెలిసిందేమో. నారిని అరటాకుతో తుడిచి, విల్లు దించి గోడకు ఆనించాడు.

రాజబాబు అటవీ శాఖ క్యాంపులో వడ్రంగి. చిన్నప్పుడు తండ్రి వెంట ఓడెక్కి వచ్చి పోర్ట్ బ్లెయిర్ పక్క డాలీగంజ్‌లో పెరిగాడు. అక్కడి తెలుగు సంఘంలోనే బాప్తిస్మం, అక్కడే పెళ్ళి. ఉద్యోగం రంగత్‌లో దొరికితే భార్య ప్రేమావతిని తీసుకుని ఇటు వచ్చేశాడు. యోహన్ టోప్నో అతనికంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ముండా తెగ మనిషి. రాంచీ దగ్గరి పల్లె నుంచి అడవి కూలీగా వచ్చి, దుంగలు లాగి లాగి వీపు వంగాక, ప్రభుత్వం ఇచ్చిన నేలలో వరి వేసుకుంటూ ఇక్కడే ఉండిపోయాడు. ఒకరోజు బాణాలకు పనికొచ్చే తిన్నని పుల్లలు చిత్రిక పట్టించుకోవడానికి రాజబాబు దగ్గరికి వచ్చాడు. పని అయ్యాక, 'ఓసారి లాగి చూడు' అని విల్లు అతని చేతిలో పెట్టాడు. ఆ ఒక్కసారి ఆరేళ్ళయింది. ఇద్దరూ మాట్లాడుకునేది హిందీలోనే. మధ్యమధ్య టోప్నో నేర్చుకున్న నాలుగు తెలుగు మాటలు, రాజబాబు నేర్చుకున్న నాలుగు ముండారీ మాటలు దొర్లుతుంటాయి.

టోప్నో మనుషులు నారిని రెండు వేళ్ళతో లాగుతారు. చూపుడు వేలు, నడిమి వేలు. బొటనవేలు నారికి తగలనివ్వరు. రాజబాబుకి అది చాల్లేదు. రంపం, బాడిస పట్టిన చేతికి బలం ఎక్కువ. బిగువైన విల్లే కావాలన్నాడు. దానికి ఉంగరపు వేలు కూడా తోడు చేసి మూడు వేళ్ళతో లాగడం తనకు తానే అలవాటు చేసుకున్నాడు. కాలనీలో ఇంకెవరూ ఆ విల్లును చెవి దాకా లాగలేరు. ఆ గొప్ప అతనికి ఉండేది, పైకి చెప్పకపోయినా.

ఇంటికి వచ్చేసరికి ప్రేమావతి ఏడాది పిల్ల మేరిని చంకనేసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. రాజబాబు పనిపాకలోకి పోయి తలుపు దగ్గరికి వేశాడు. గోడకి గుచ్చి ఉన్న సూది తీసి, కుడిచేతి చిటికెన వేలి మీద ఆనించాడు. ఏమీ లేదు. కొంచెం నొక్కాడు. సూది మొన దిగింది, చిన్న ఎర్రచుక్క పైకి తేలింది. ఏమీ లేదు. ఉంగరపు వేలికి చిటికెన వేలి వైపున ఏమీ లేదు. నడిమి వేలు దగ్గరికి వచ్చేసరికి చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. మొన్న వేసవిలో చెక్కలు అతికించే సరేసు మరుగుతూ చేతి మీద చిందితే బొబ్బ లేచేదాకా తెలియలేదు. ఉలి జారి చిటికెన వేలు గీసుకుపోతే ప్రేమావతి చెప్పాక కట్టు కట్టుకున్నాడు. మోచేతి కింద రూపాయి బిళ్ళంత మచ్చ, చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయి, ఎండలో కూడా చెమట పట్టకుండా పొడిగా ఉంటుంది. తామర అనుకున్నాడు. పనిచేసే మనిషి చేతికి దెబ్బలు మామూలే అనుకున్నాడు. ఇన్నాళ్ళూ తనకు చెప్పుకున్న ఆ మాటలన్నీ ఆ సూది మొన దగ్గర ఆగిపోయాయి.

డాలీగంజ్‌లో ఆరాధన జరుగుతుంటే కిటికీ బయట నిలబడి పాటలు వినే మనిషి ఒకడుండేవాడు. లోపలికి రమ్మని పాదిరి గారు పిలిచినా వచ్చేవాడు కాదు. చేతులు గుడ్డలో చుట్టుకుని ఉండేవాడు. పిల్లలెవరికీ ఆ మనిషి పేరు తెలియదు, అందరికీ ఆ రోగం పేరు తెలుసు. పెద్దరోగం అనేవాళ్ళు పెద్దవాళ్ళు, గొంతు తగ్గించి.

ఆ రోజు నుంచి రాజబాబు వరండాలో పడుకోవడం మొదలుపెట్టాడు. లోపల ఉక్కగా ఉందన్నాడు. ముద్ద విడిగా కలుపుకున్నాడు. పిల్ల పాక్కుంటూ వచ్చి కాలు పట్టుకుంటే పని ఉందని లేచిపోయాడు. ఆదివారం ప్రభు భోజనంలో ద్రాక్షరసం గిన్నె తన వరసకి వచ్చేలోపు దగ్గు వచ్చినట్టు బయటికి నడిచాడు. గిన్నె అందరి పెదవులకూ తగిలేది మరి. రెండు శనివారాలు వాగు దాటలేదు.

మూడో శనివారం ఉండలేకపోయాడు. పాత బూటు తోలు కత్తిరించి ఉంగరపు వేలికి తొడుగు కుట్టుకుని వెళ్ళాడు. టోప్నో విల్లు అందించాడు. మొదటి బాణం బోదెకి జానెడు పక్కగా పోయి దిబ్బలో దిగింది. రెండోదీ అంతే. మూడోది ఎక్కడ పడిందో వెతుక్కోవలసి వచ్చింది. తోలు తొడుగు వేలిని కాచింది నిజమే, కానీ నారి ఆ వేలిని ఎప్పుడు వదిలిందో అతనికి తెలియడం లేదు. రెండు వేళ్ళు వదిలేస్తున్నాయి, మూడోది ఇంకా పట్టుకునే ఉంటోంది.

"బొటనవేలితో నొక్కి లాగి చూడు," అన్నాడు టోప్నో.

రాజబాబు బాణం తోకను బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఇరికించి లాగాడు. సగం లాగేసరికి బొటనవేలు కణుపు దగ్గర కొంకిలా వంగిపోయింది. ఎంత బలం పెట్టినా నిటారుగా నిలవలేదు. బాణం జారి కాళ్ళ దగ్గర పడింది.

టోప్నో వచ్చి ఆ బాణం తీసుకున్నాడు. "కళ్ళు మూసుకో," అన్నాడు.

"ఎందుకు దాదా?"

"మూసుకో భాయ్."

మూసుకున్నాడు. బాణానికి కట్టిన ఈక చూపుడు వేలి మీద ఆడింది. "ఏ వేలు?" "చూపుడు వేలు." "ఇప్పుడు?" "నడిమిది." తర్వాత టోప్నో చాలాసేపు ఏమీ చెయ్యనట్టుంది. రాజబాబు ఎదురుచూసి ఎదురుచూసి కళ్ళు తెరిచాడు. ఈక అతని చిటికెన వేలి మీదే ఉంది.

ఇద్దరూ దిబ్బ పక్కన దుంగ మీద కూర్చున్నారు.

"నీకు ముందే తెలుసా దాదా?"

"నారి మీద నెత్తురు చూసిన రోజే తెలిసింది. మా అన్నకి కూడా ఇలాగే మొదలైంది. సులేమాన్. మా ఊళ్ళో వాడంత గురి ఎవరికీ లేదు. ఒకరోజు చెయ్యంతా నెత్తురు, వాడు నవ్వుతూ నిలబడి ఉన్నాడు." టోప్నో నేల చూస్తూ మాట్లాడుతున్నాడు. "రెండేళ్ళు ఊరవతల పాక వేసి ఉంచాం. అన్నం ఆకులో పెట్టి దారి మధ్యలో వదిలేసి వచ్చేవాణ్ణి. నా పెళ్ళి కుదిరింది. ఆడపిల్ల వాళ్ళు, అన్న అక్కడుంటే ఒప్పుకోమన్నారు. నేనే వెళ్ళి చెప్పాను, ఎటైనా పో అని. మా నాన్న కాదు, మా అమ్మ కాదు. నేను. మిషన్ వాళ్ళ ఆశ్రమం ఏదో ఉందన్నారు, అటు నడిచి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూశాడేమో నాకు తెలియదు. నేను చూడలేదు."

కాలనీలో ఎవరో కోళ్ళను పిలుస్తున్నారు. టోప్నో లేచి నిలబడ్డాడు.

"నువ్వు డిస్పెన్సరీకి పో. ఇప్పుడు బిళ్ళలున్నాయి. మా అన్నకి అప్పుడు ఏమీ లేవు. ఇక విల్లు మాటంటావా, రెండు వేళ్ళతో లాగు. నొప్పి తెలిసే వేళ్ళనే నమ్ముకో."

"రెండు వేళ్ళతో ఈ విల్లు రాదు."

"రాదు. దీన్ని సన్నగా చెక్కాలి."

"పట్టు మార్చావేం, విల్లు మార్చావేం అని అందరూ అడుగుతారు దాదా."

"అడుగుతారు," అన్నాడు టోప్నో.

రాజబాబు ఆ రోజు విల్లు చెక్కమని చెప్పకుండానే వచ్చేశాడు. మూడు వేళ్ళతో లాగుతున్నంత కాలం తాను పాత రాజబాబే. ఉంగరపు వేలిని పక్కన పెట్టిన రోజున, అది ఎందుకు పక్కన పెట్టాడో లోకానికి చెప్పినట్టే. దారి పొడుగునా అదే ఆలోచన. చెయ్యి జేబులో పెట్టుకుని నడిచాడు.

ఇంటి ముందు ప్రేమావతి నిలబడి ఉంది. పిల్లను పక్కింట్లో పడుకోబెట్టి వచ్చినట్టుంది, చంక ఖాళీగా ఉంది.

"లోపలికి రా," అంది.

"కాళ్ళు కడుక్కుని..."

"రాయ్యా ముందు. నీకేటైంది? మూడు వారాల నుంచీ చూస్తన్నాను. పిల్లనెత్తుకోవు. నా పక్కన కూకుని తినవు. సర్చిలో గిన్నె ఒచ్చేసరికి లేచి ఎల్లిపోతావు. నేనేం తప్పు సేసినాను? సెప్పు."

అతను జేబులోంచి చెయ్యి తీసి ఆమె ముందు చాపాడు. ఏం చెప్పాలో మాటలు వెతుక్కుంటుంటే ఆమే ఆ చేతిని పట్టుకుంది. ఆరని పుండు చూసింది. రోజూ పొడిచి చూసుకుంటున్న సూది పోట్లు చూసింది. చొక్కా చెయ్యి పైకి మడిచి మచ్చ చూసింది. ఆ మచ్చ ఆమె ఎరుగనిది కాదు. ఆ రోగం పేరు ఇద్దరిలో ఎవరూ అనలేదు.

"తెలిసి ఎన్నాళ్ళైంది?"

"వానలు వెళ్ళినప్పటి నుంచీ."

"అన్నాళ్ళూ ఒక్కడివే మోసుకు తిరిగినావా?" ఆ మాటలో ఉన్నది కోపమో దుఃఖమో అతనికి తెలియలేదు. చెయ్యి వదిలించుకోబోతే ఇంకా గట్టిగా పట్టుకుంది. "వదల్ను. సోమారం నేనూ వస్తాను డిస్పెన్సరీకి."

కాంపౌండర్ గోవిందు శ్రీకాకుళం మనిషి. మాట మొరటుగా ఉన్నా చెయ్యి మెత్తన. తెర లాగి, రాజబాబును స్టూలు మీద కూర్చోబెట్టి, దూదిపోగు తడిపి వేళ్ళ మీద, మచ్చ మీద ఆనించి చూశాడు. మోచేతి వెనక ఎముక సందులో వేళ్ళు పెట్టి తడిమాడు. తాడులా గట్టిపడిన నరం అతని వేళ్ళకు తగిలింది. రాజబాబుకి జివ్వుమంది.

"ఇదే. ఈ నరం చచ్చిపోతంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు సగం, బొటనవేలి జోరు, అన్నీ దీనివే. ఆలస్యం చేశావయ్యా రాజబాబూ. అయినా మరీ ఆలస్యం కాదు."

"పిల్లకి?" అంది ప్రేమావతి. అదొక్కటే అడిగింది.

"ఒక్క మచ్చ, ఒక్క నరం. ఇది ఊరికే అంటుకునే రకం కాదమ్మా. డాక్టరు గారు వచ్చే వారం లాంచీలో వస్తారు, ఆయన కూడా చూస్తారు. పిల్లనీ నిన్నూ కూడా చూపించు. బిళ్ళ రోజూ వేసుకోవాలి. ఏళ్ళ తరబడి. మానకూడదు." రాజబాబు వైపు తిరిగాడు. "పోయిన స్పర్శ మళ్ళీ వస్తుందని నేను చెప్పను. మిగిలింది పోకుండా చూసుకోవచ్చు. రోజూ సాయంత్రం చెయ్యి వెలుతుర్లో పెట్టి చూసుకో. నీకు తెలీని దెబ్బ కళ్ళకి తెలుస్తుంది."

"నేను చూస్తాను," అంది ప్రేమావతి.

డాక్టరు గారు వచ్చి అదే మాట చెప్పారు. తల్లీబిడ్డలకు ఏమీ లేదన్నారు. రాజబాబు ఆ రోజు ఇంటికొచ్చి మేరిని ఎడమచేత్తో ఎత్తుకుని పనిపాక చుట్టూ చాలాసేపు తిరిగాడు. పిల్ల అతని మీసం పట్టుకుని లాగింది. అతను లాగనిచ్చాడు.

డిస్పెన్సరీ తెర పల్చనిది. బయట వరసలో నిలబడ్డవాళ్ళకి చెవులున్నాయి. పది రోజుల్లో మాట బజారు దాకా వెళ్ళింది. సింహాచలమ్మ అని, చేపలు ఎండబెట్టే పని చేయించే ఆవిడ, కూతురి పురిటికి పడౌక్ కర్రతో ఉయ్యాల తొట్టి చెయ్యమని పురమాయించి ఉంది. ఒక పొద్దున వచ్చి కంచె అవతలే నిలబడింది. ఎప్పుడూ తిన్నగా పనిపాకలోకి వచ్చి చెక్క తడిమి చూసే మనిషి.

"తొట్టి ఒద్దులే బాబూ. అల్లుడు పోర్ట్ బ్లెయిర్ నించి తెస్తానన్నాడు," అంది. అంటూ అతని మొహం వైపు చూడలేకపోయింది. మంచి మనిషే. పోయినేడు ప్రేమావతి జ్వరంతో పడుంటే వారం రోజులు గంజి కాచి తెచ్చిన మనిషి.

"అలాగే పెద్దమ్మా," అన్నాడు రాజబాబు.

ఆమె వెళ్ళాక తొట్టి ముందు కూర్చున్నాడు. మూడు పక్కలు అయిపోయాయి, నాలుగో పక్క మిగిలింది. దాన్ని చీల్చి పొయ్యిలో పెడదామా అన్నంత కోపం వచ్చింది. కాసేపటికి కోపం దిగిపోయి, దాని చోట అలసట మిగిలింది. ఇక దాచడానికి ఏమీ లేదన్న సంగతి అప్పుడు తట్టింది. తాను చెప్పకముందే ఊరు చెప్పేసుకుంది. మధ్యాహ్నం క్యాంపు పని ముగించుకుని, శనివారం కాకపోయినా, వాగు దాటి వెళ్ళాడు.

"విల్లు చెక్కు దాదా," అన్నాడు.

టోప్నో కొడవలి బోర్లించి, ఆ బిగువైన వెదురు విల్లును ఒళ్ళో పెట్టుకుని, దాని లోపలి వైపు నుంచి సన్నటి పొరలు తియ్యడం మొదలుపెట్టాడు. రెండు కొసలూ సమంగా వంగుతున్నాయో లేదో చూస్తూ, ఆగుతూ, మళ్ళీ గీకుతూ. వెదురు పొరలు కాళ్ళ దగ్గర రాలుతుంటే రాజబాబు చూస్తూ కూర్చున్నాడు. తన గొప్పతనమే అలా పొరలు పొరలుగా రాలుతున్నట్టు బాధ కలిగింది. వద్దని నోటిదాకా వచ్చింది. అనలేదు.

సాయంత్రానికి విల్లు సిద్ధమైంది. రాజబాబు చూపుడు వేలు బాణానికి పైన, నడిమి వేలు కింద ఉంచాడు. అలవాటు కొద్దీ ఉంగరపు వేలు తనంతట తాను నారి మీదికి వంగింది. టోప్నో దాన్ని నెమ్మదిగా తీసి అరచేతిలోకి ముడిచాడు. చిటికెన వేలిని కూడా. పసిపిల్లాడికి పలక పట్టించినట్టు.

"ఇప్పుడు లాగు."

లాగాడు. మూడు వేళ్ళు మోసే బరువు రెండు వేళ్ళ మీద పడింది. నారి కణుపుల్లోకి దిగింది. కోసుకుపోతున్నట్టు నొప్పి పుట్టింది, వేళ్ళ నుంచి ముంజేతి దాకా పాకింది. రాజబాబు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నొప్పిగా ఉందా?" అన్నాడు టోప్నో.

"ఉంది దాదా. చాలా ఉంది." అతను నారిని వదల్లేదు. నొప్పి ఉందన్న మాట ఇంత ఆనందంగా తన నోట వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. ఆ రెండు వేళ్ళూ ఇంకా తనవే. నారి ఎక్కడుందో అవి చెబుతున్నాయి. ఎంత బిగువుందో చెబుతున్నాయి. వదిలాడు. రెండు వేళ్ళూ ఒక్కసారే వదిలాయి. బాణం బోదెకి తగల్లేదు, కింద దిబ్బలో దిగింది. అయితే తిన్నగా వెళ్ళింది.

అప్పటి నుంచి రోజూ పది బాణాలే. అంతకంటే ఎక్కువ వెయ్యనని ప్రేమావతికి మాట ఇచ్చాడు. సాయంత్రం గడప మీద కూర్చుంటే ఆమె అతని చేతిని ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క వేలే తిప్పి చూసేది. కొబ్బరినూనె రాసేది. ఏదైనా గీత కనిపిస్తే, ఇదెక్కడ తగిలించుకున్నావని నిలదీసేది. అతనికి తెలిసేది కాదు. ఇద్దరూ కలిసి ఆ రోజంతా వెనక్కి నడిచి వెతికేవాళ్ళు. చిత్రిక దగ్గరా, బావి చేద దగ్గరా, అని. తర్వాతి ప్రభు భోజనానికి ఆమె అతని పక్కనే నిలబడింది. గిన్నె వచ్చింది. అతను తాగాడు. అతని తర్వాత ఆమె తాగింది. ఆమె పక్కనున్న ఆవిడ ఒక్క క్షణం ఆగి, గిన్నె అంచు తిప్పి, తానూ తాగింది.

క్రిస్మస్ వెళ్ళాక టోప్నో ఒకరోజు కొత్త లుంగీ కట్టుకుని పనిపాకకి వచ్చాడు. చేతిలో రేకు పెట్టె.

"లాంచీకి పోతున్నాను. పోర్ట్ బ్లెయిర్ నుంచి కలకత్తా ఓడ ఉంది."

"ఇప్పుడా? ఛబ్బీస్ జనవరి ఆటలు నెల కూడా లేవు దాదా!"

"నువ్వు వేస్తావుగా," అన్నాడు టోప్నో. పెట్టె కింద దించి, "సులేమాన్‌ని చూసి వస్తాను. ఉంటే తీసుకొస్తాను. ముప్ఫయ్యేళ్ళయింది. ఉన్నాడో లేడో," అన్నాడు. రాజబాబు అతన్ని జెట్టీ దాకా సాగనంపాడు.

జనవరి ఇరవై ఆరున రంగత్ మైదానంలో జెండా ఎగరేశాక ఆటలు మొదలయ్యాయి. విలువిద్యకు తొమ్మిది మంది. రాజబాబు తప్ప అందరూ రాంచీ వాళ్ళే. ముప్ఫయి అడుగుల దూరంలో అరటి బోదె, ఒక్కొక్కరికి అయిదు బాణాలు. రాజబాబు వంతు వచ్చింది. అతను విల్లు ఎత్తగానే వెనక వరసలోంచి ఎవరో హిందీలో గట్టిగా అడిగారు.

"అరే రాజబాబు భయ్యా, ఆ పెద్ద విల్లేదీ? రెండు వేళ్ళేంటి?"

కొందరు నవ్వారు. తెలిసినవాళ్ళు నవ్వలేదు. తెలిసినవాళ్ళ మౌనం మిగతావాళ్ళకు కూడా అందింది. రాజబాబు విల్లు దించాడు. జ్వరమనో బెణుకనో చెప్పొచ్చు. ఆ మాటలు నాలుక చివర ఉన్నాయి కూడా. గుంపులో ప్రేమావతి పిల్లనెత్తుకుని నిలబడి ఉంది. తల దించుకోలేదు.

"నాకు కుష్టు వచ్చింది భయ్యా," అన్నాడు హిందీలో, అందరికీ వినబడేలా. "ఈ రెండు వేళ్ళకి స్పర్శ లేదు. ఈ రెండింటికీ ఉంది. అందుకని వీటితో లాగుతున్నాను. బిళ్ళలు వాడుతున్నాను. అంటుకోదని డాక్టరు గారు చెప్పారు. ఎవరికైనా చేతి మీద మొద్దుబారిన మచ్చ ఉంటే నాలాగా దాచుకోకండి, గోవిందు గారి దగ్గరికి పొండి."

ముందు వరసలో ఒకతను రెండడుగులు వెనక్కి వేశాడు. ఒక తల్లి పిల్లను పక్కకు లాక్కుంది. రాజబాబు చూశాడు. చూసి, బాణం నారికి తొడిగాడు. మొదటిది తప్పింది. రెండోది బోదె అంచును గీరి పోయింది. మూడోది దిగింది. నాలుగోది దాని పక్కనే దిగింది. అయిదోది లాగి పట్టుకున్నప్పుడు నొప్పి వేళ్ళలోంచి మోచేతి దాకా వచ్చింది. అంతసేపూ అతను ఇంకేమీ వినలేదు. అది కూడా దిగింది.

నాలుగో స్థానం వచ్చింది. బహుమతి లేదు. రెండో స్థానం వచ్చిన పాస్కల్ అనే అతను తన బాణాలతోపాటు రాజబాబు బాణాలు కూడా బోదెలోంచి పీకి తెచ్చి చేతికిచ్చాడు. ఇస్తూ, "మా వాళ్ళ పట్టే పట్టావు చివరికి," అన్నాడు.

ఈస్టరుకి ముందు వారం టోప్నో లాంచీ దిగాడు. ఒక్కడే దిగాడు. రాజబాబు పెట్టె అందుకున్నాడు. జెట్టీ చెక్కల మీద కొంతదూరం నడిచాక టోప్నో చెప్పాడు.

"తొమ్మిదేళ్ళయిందట పోయి. ఆశ్రమంలో వాడికి తోట పని ఇచ్చారు. వాడితో ఉన్న ముసలాయన ఒకడు దొరికాడు. నన్ను చూడగానే, సులేమాన్ తమ్ముడివా అన్నాడు. మొహం కలిసిందట. వాడు నా మీద కోపంగా ఉండేవాడా అని అడిగాను. నీ గురించి ఎప్పుడూ ఏమీ అనేవాడు కాదు అన్నాడు. నాకు అది ఎలా తీసుకోవాలో తెలియలేదు."

"సమాధి చూశావా దాదా?"

"చూశాను. రేకు ముక్క మీద నెంబరు ఉంది. పేరు లేదు."

మర్నాడు రాజబాబు పడౌక్ కర్రలో చీలిక లేని ముక్క ఏరి, సిలువ కోశాడు. ఉలి పిడి చుట్టూ గుడ్డ చుట్టి లావు చేసుకుని, హిందీ అక్షరాలు సుద్దతో గీసుకుని చెక్కాడు. సులేమాన్ టోప్నో. ఆరు రోజులు పట్టింది. మామూలుగా రెండు రోజుల పని. ప్రతి సాయంత్రం ప్రేమావతి చెయ్యి చూసి, కొత్త దెబ్బ లేదంటేనే మర్నాడు ఉలి ముట్టుకున్నాడు.

టోప్నో వచ్చి సిలువ ముందు గొంతుక్కూర్చున్నాడు. చెక్కిన గాడిలో వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే తడుముతూ చదివాడు. చివరి అక్షరం దగ్గర అతని వేలు చాలాసేపు ఆగింది. రాజబాబు గోనెపట్టా, తాడు తెచ్చాడు. ఇద్దరూ కలిసి సిలువను చుట్టి, కట్టి, పైన ఆశ్రమం చిరునామా రాశారు. కలకత్తా ఓడకి లాంచీ పొద్దున్నే ఆరింటికి. సిలువ పెద్ద బరువేం కాదు. అయినా ఆ కొస ఒకరూ ఈ కొస ఒకరూ పట్టుకునే జెట్టీ దాకా నడిచారు.